అండర్‌స్టాండ్ పక్కన ఏం రాయాలి: మా చెల్లెలి కొడుక్కి ఉత్తరం

నాన్నా,

నువ్వు పంపిన వ్యాసాలు రెండూ చదివాను. ఆలోచన బాగుంది, పేరాలు కూడా తీరుగా కుదిరాయి. కానీ అండర్‌స్టాండ్ అన్న మాట మళ్ళీ మళ్ళీ వాడితే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో మార్కులు పోతాయని నీకెవరో చెప్పినట్టున్నారు, రెండో వ్యాసంలో థెసారస్, అంటే పర్యాయపదాల నిఘంటువు, పక్కన పెట్టుకుని ఒకచోట కాంప్రిహెండ్, ఇంకోచోట గ్రాస్ప్, మరోచోట పర్సీవ్ అని మార్చుకుంటూ పోయావు. 'ఐ కాంప్రిహెండెడ్ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ మై పాస్‌పోర్ట్ ఎట్ హోమ్' అని రాశావు చూడు, వ్యాకరణపరంగా అందులో వంక పెట్టడానికేం లేదు, అయినా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు అలా అనరు. అక్కడ పడాల్సిన మాట రియలైజ్డ్. పాస్‌పోర్ట్ మర్చిపోయిన సంగతి ఠక్కున తడుతుంది కదా, అలాంటివాటికి రియలైజ్. కాంప్రిహెండ్ బరువైన మాట, ఎక్కువగా అర్థం కాలేదని చెప్పేచోటే కనబడుతుంది: 'ఫెయిల్డ్ టు కాంప్రిహెండ్', 'డిఫికల్ట్ టు కాంప్రిహెండ్'.

నీ పరీక్షలోనే రైటింగ్‌కి, స్పీకింగ్‌కి చూసే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, అంటే పావు వంతు. ఏ మాట ఏ మాటతో జత కడుతుందో తెలుసా లేదా అన్నది కూడా వాళ్ళు అందులోనే చూస్తారు. దాన్నే కాలొకేషన్ అంటారు. ఈ మాటని భాషాశాస్త్రంలో స్థిరపరిచిన జె.ఆర్. ఫర్త్ 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా ఉన్నాడు. కాబట్టి పర్యాయపదాల జాబితాలు బట్టీ పట్టకు, ఏ క్రియనైనా దాని జతతో సహా నేర్చుకో.

మన తెలుగువాళ్ళకి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మనం 'నాకు అర్థమైంది' అంటాం, అర్థమయ్యేది విషయం. ఇంగ్లీషులో అండర్‌స్టాండ్‌కి కర్త మనిషే. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి దించితే 'ఇట్ ఈజ్ నాట్ అండర్‌స్టాండింగ్ టు మీ' లాంటి వాక్యాలు పుడతాయి, కాలేజీలో ఏటా వినేదాన్ని. అయితే మన వాక్యం తీరుకి సరిగ్గా సరిపోయేవి కూడా ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు. 'ఇట్ మేక్స్ సెన్స్ టు మీ', 'ఇట్ ఈజ్ క్లియర్ టు మీ', 'ఇట్ అకర్డ్ టు మీ', 'ఇట్ డాన్డ్ ఆన్ మీ'. వీటన్నిటిలో కర్త విషయమే, నువ్వు మన 'నాకు' ఉన్న చోటే ఉంటావు. అకర్డ్ అంటే తట్టింది, దానికి టు రావాలి. డాన్డ్ అంటే తెలిసొచ్చింది, దానికి ఆన్. స్ట్రక్‌కి ఏదీ అక్కర్లేదు, 'ఇట్ స్ట్రక్ మీ దట్' అంటే చాలు. మేక్ సెన్స్ విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త: 'ఐ డిడ్ నాట్ మేక్ సెన్స్' అన్నావంటే నాకు అర్థం కాలేదని కాదు, నేను అర్థంపర్థం లేకుండా మాట్లాడానని. మనిషిని కర్తగా పెట్టాలంటే ఆఫ్ తగిలించాలి: 'ఐ కుడ్ నాట్ మేక్ సెన్స్ ఆఫ్ ద లెటర్'.

ఇక 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్'. ఇది నీ రెండు వ్యాసాల్లోనూ ఉంది. 'అర్థం కావట్లేదు' అనే మన అలవాటే అక్కడ ఇంగ్ అయి కూర్చుంది. అండర్‌స్టాండ్ మామూలుగా ఆ రూపంలోకి రాదు, 'ఐ డోన్ట్ అండర్‌స్టాండ్' అను. మెల్లమెల్లగా అర్థమవుతోంది అని చెప్పాలనుకో, 'ఐ యామ్ బిగినింగ్ టు అండర్‌స్టాండ్' అను, ఆ నెమ్మది బిగినింగ్‌లోకి వచ్చేస్తుంది. ఎవరైనా చెబుతుంటే మధ్యలో తప్పిపోయావా, 'సారీ, ఐ యామ్ నాట్ ఫాలోయింగ్' అనొచ్చు, ఫాలోకి ఆ ఇబ్బంది లేదు.

గ్రాస్ప్‌ని పెద్ద విషయాలకి వాడు: కాన్సెప్ట్, బేసిక్స్, సిగ్నిఫికెన్స్, ఇంప్లికేషన్స్. మనుషులకి వాడకు, 'ఐ గ్రాస్ప్డ్ మై ఫాదర్' అంటే మీ నాన్నని గట్టిగా పట్టుకున్నావని అర్థం. జోక్‌కి, పాయింట్‌కి గెట్ చాలు, కానీ అది మాటల్లోనే, వ్యాసంలో వద్దు. ఫిగర్ ఔట్ అంటే బుర్ర పెట్టి తేల్చుకోవడం, దాని వెంట హౌ, వై, వాట్ బాగా నప్పుతాయి. ఇట్ వస్తే మధ్యలో దూరాలి, 'ఫిగర్ ఇట్ ఔట్', అంతేగానీ 'ఫిగర్ ఔట్ ఇట్' కాదు.

'ఐ కేమ్ టు నో దట్ ద ఆఫీస్ వజ్ క్లోజ్డ్' అని కూడా రాశావు. ఇక్కడ అందరం అంటాం, మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. బయటివాళ్ళకి మాత్రం కమ్ టు నో అంటే కొంతకాలం మీద తెలుసుకోవడం. ఆఫీసు మూసేశారన్న కబురు తెలియడానికి 'ఐ ఫౌండ్ ఔట్' లేదా 'ఐ హర్డ్' సరిపోతుంది. అలాగే మన 'గురించి' డిస్కస్ వెనకాల అబౌట్ అయి చేరిపోతోంది, తీసెయ్. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' కూడా వద్దు, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ'.

'బాగా అర్థమైంది'కి 'ఐ అండర్‌స్టుడ్ వెల్' అని రాస్తున్నావు, 'ఐ ఫుల్లీ అండర్‌స్టాండ్' అను, 'ఐ పర్ఫెక్ట్‌లీ అండర్‌స్టాండ్' అన్నా బాగుంటుంది. నామవాచకం చేస్తే ఆఫ్ కావాలి: 'ఎ డీప్ అండర్‌స్టాండింగ్ ఆఫ్ ద ప్రాబ్లెమ్', 'ఎ గుడ్ గ్రాస్ప్ ఆఫ్ ద బేసిక్స్'. ఇద్దరి మధ్య అండర్‌స్టాండింగ్ కుదరడం అంటే ఒప్పందం, అక్కడ బిట్వీన్. ఇది మనం తెలుగులోనూ రోజూ అనేదే కాబట్టి నీకు కష్టం కాదు.

నోట్సులో ఒంటరి మాట రాయకు, మూడు నాలుగు మాటల ముక్క రాసుకో, క్రియా దాని జతా కలిపి. ఏదైనా జత మీద అనుమానం వస్తే నెట్‌లో కోకా అని, అమెరికన్ ఇంగ్లీషు నిజంగా ఎలా వాడుతున్నారో చూపించే భాండారం ఉంది, మార్క్ డేవీస్ తయారుచేసింది, అందులో వంద కోట్లకు పైగా మాటలున్నాయి. రియలైజ్ అని కొట్టి దాని ముందు వెనకలు చూడు, ఏవి తరచుగా వస్తున్నాయో కళ్ళకి కనబడుతుంది. టెన్షన్ పడి ఒక్కరోజులో అన్నీ చూసెయ్యకు, రోజుకో క్రియ పట్టుకో.

రెండో వ్యాసం మళ్ళీ రాసి ఆదివారంలోపు పంపు. మూడో పేరా చివర ఆ జబ్బు కారణాల గురించి 'పూర్‌లీ అండర్‌స్టుడ్' అని రాశావు, చాలా చక్కగా పడింది, దాన్ని మాత్రం కదపకు.

నీ
పెద్దమ్మ