ఏడుపు విన్నా మనసు కదలడం లేదు

ప్రశ్న: విజయవాడలో పదమూడేళ్లుగా సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. రోజుకి ఎనిమిది సెషన్లు. మొన్న ఒకామె ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే టిష్యూ డబ్బా ఆమె వైపు జరిపాను గానీ, నా ధ్యాసంతా దోసెలకు మినప్పప్పు నానబోశానా లేదా అన్న దాని మీదే ఉంది. ఇంటికెళ్తే పాప స్కూలు కబుర్లు చెప్పబోయినా కసురుకుంటున్నాను. ఈ వృత్తికి నేను పనికిరానా?

జవాబు: అమ్మా, మీరు మామూలుగా రాసేసిన ఆ "ఎనిమిది సెషన్లు" దగ్గరే నేను ఆగిపోయాను. రోజూ ఎనిమిది మంది దుఃఖం వింటే ఎవరి మనసైనా మొద్దుబారుతుంది. పనిభారంతో మనసు ఇలా పూర్తిగా అలిసిపోవడాన్నే బర్నౌట్ అంటారు. దాని గురించి 1974లో రాసిన ఫ్రాయిడెన్‌బర్గర్ కూడా మన వృత్తివాడే, న్యూయార్క్‌లో పగలు సొంత ప్రాక్టీసు, రాత్రిళ్లు ఉచిత క్లినిక్ చూసుకుంటూ తానే కుప్పకూలిన మనిషి.

నాకు ప్రాక్టీసు పెట్టిన పదకొండో ఏట వచ్చిందిది. ఒక కుర్రాణ్ణి ఇంకో క్లయింటు పేరుతో పిలిచాను, ఆ పిల్లాడి మొహం వాడిపోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. మర్నాడే మా సీనియర్‌కి ఫోన్ చేశాను. చదువుకునే రోజుల్లో ప్రతి కేసూ సూపర్‌వైజర్ ముందు పెట్టేవాళ్లం కదా, ప్రాక్టీసు పెట్టాక అడిగేవాళ్లు లేరు, చెప్పుకునే చోటూ లేదు, క్లయింట్ల రహస్యాలు భర్తతో కూడా పంచుకోలేం. అందుకే నెలకు రెండుసార్లయినా సూపర్‌విజన్‌కి, అంటే అనుభవమున్న సైకాలజిస్టు ముందు మీ కేసులు పెట్టి మాట్లాడుకోవడానికి, వెళ్లండి, డబ్బు కట్టయినా సరే.

సెషన్లు ఐదుకి తగ్గించండి. ఆదాయం తగ్గుతుంది, ఆ లెక్క ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆత్మహత్య ఆలోచనలున్న కేసులు వెంటవెంటనే పెట్టుకోకండి, మధ్యలో పావుగంట ఫోన్ ముట్టకుండా కిటికీ దగ్గర నిలబడండి. మీవారితో వివరాలు చెప్పనక్కర్లేదు, "ఇవాళ చాలా బరువైన రోజు, అరగంట నన్నొదిలెయ్యండి" అంటే చాలు. పాపతో మాత్రం "పది నిమిషాలాగు తల్లీ, వింటాను" అనండి, ఆ పది నిమిషాలయ్యాక తనొచ్చేదాకా ఆగకుండా మీరే వెళ్లి అడగండి.

రెండు వారాలుగా నిద్ర, ఆకలి సరిగా లేకపోయినా, బతకడం దండగ అనిపించినా, సైకియాట్రిస్టుని కలవండి. క్లయింట్లకి మనమిచ్చే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 మనకీ పనిచేస్తుంది, సిగ్గుపడకండి.

సూపర్‌విజన్‌కి మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ ఏడ్చినామె ఫైలే తీసుకెళ్లండి. మినప్పప్పు సంగతితో సహా చెప్పండి.