లైపోజోమ్ ఇంజెక్షన్ల మీద ఎం.ఫార్మసీ చేస్తే ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఫార్మసీ చివరి ఏడాదిలో ఉంది. మందును నెమ్మదిగా వదిలే లైపోజోమ్ ఇంజెక్షన్ల మీద ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? ఏం నేర్చుకోవాలి? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉంటాయండీ. కానీ లైపోజోమ్‌లు (మందును లోపల మోసే కొవ్వు పొరల సూక్ష్మ బుడగలు) చేశానంటే ఇంటర్వ్యూలో ఊరుకోరు, ఎలా చేశావని అడుగుతారు.

చాలా కాలేజీల్లో లిపిడ్‌ని (కొవ్వు పదార్థం), కొలెస్టరాల్‌ని క్లోరోఫామ్‌లో కరిగించి, రోటరీ ఇవాపరేటర్‌లో పొరగా ఆరబెట్టి, బఫర్ ద్రావణం పోసి ప్రోబ్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో చిన్న ముక్కలు చేసే పరికరం) పెడతారు. ప్రోబ్ నుంచి టైటానియం రేణువులు రాలతాయి, సైజు ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోలా వస్తుంది. ఇంజెక్షన్‌కి అది పనికిరాదు. నేర్చుకోవాల్సింది ఎక్స్‌ట్రూజన్: 0.2, ఆ తర్వాత 0.1 మైక్రాన్ రంధ్రాలున్న పాలికార్బొనేట్ మెంబ్రేన్ గుండా తోయడం. హెచ్‌ఎస్‌పీసీ అనే సోయా లిపిడ్ 52–55 డిగ్రీల దగ్గర గానీ మెత్తబడదు కాబట్టి 60–65 డిగ్రీల్లో చేయాలి. చల్లగా తోస్తే మెంబ్రేన్ మూసుకుపోతుంది.

మందు నింపడం ఇంకో మెట్టు. క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌కైతే లైపోజోమ్ లోపల 250 మిల్లీమోలార్ అమ్మోనియం సల్ఫేట్ ఉంచి, బయట ఉన్నదాన్ని డయాలిసిస్‌తో తీసేస్తారు. లోపలికెళ్లిన మందు సల్ఫేట్‌తో స్ఫటికమై అక్కడే చిక్కుకుంటుంది. సరిగ్గా చేస్తే 90 శాతం పైనే ఎక్కుతుంది. బయటి సల్ఫేట్ మిగిలిపోయిందా, మందు బయటే ఉండిపోతుంది.

ఇది రక్తంలో తిరిగే రకం. సూది వేసినచోటే ఉండి మందు వదిలేది వేరు. అమెరికాలో 2011లో అనుమతి పొందిన ఎక్స్‌పరెల్ అలాంటిదే. అందులో మత్తుమందు బూపివకైన్ ఉన్న రేణువులు 24–31 మైక్రాన్లు, లోపల తేనెపట్టులా గదులు. అంత పెద్దవి 0.22 మైక్రాన్ స్టెరైల్ ఫిల్టర్ దాటవు, వేడికీ తట్టుకోవు. అందుకే మొదటి నుంచీ అసెప్టిక్‌గానే, అంటే సూక్ష్మజీవులు చేరకుండానే తయారుచేయాలి. అసెప్టిక్ ఏరియాలో ఇంటర్న్‌షిప్ దొరికితే వదులుకోవద్దనండి.

ఉద్యోగాల మాటకొస్తే, డాక్సిల్‌కి (డాక్సోరూబిసిన్ లైపోజోమ్ ఇంజెక్షన్) అమెరికాలో తొలి జెనెరిక్ అనుమతి 2013లో మన సన్ ఫార్మాకే వచ్చింది. లైపోజోమ్ జెనెరిక్‌లో మందు మోతాదు సరిపోతే చాలదు. సైజు, పొరల సంఖ్య, లోపలి సల్ఫేట్, లీకేజీ అన్నీ అసలు మందుతో సరిపోవాలి. లీకేజీని 43 నుంచి 57 డిగ్రీల దాకా, వేర్వేరు పీహెచ్‌లలో కొలుస్తారు. అందుకే నా దృష్టిలో ఫార్ములేషన్ కంటే అనలిటికల్ వైపు తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. లైపోజోమ్‌లోకి ఎక్కని మందును, లోపలి మందును విడదీసి హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) కొలవగలిగితే అదే ఆమెకు పెద్ద అర్హత.

ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ ముందు రాయించండి. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌కి (కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ) వెళ్లాలంటే నైపర్ జేఈఈ కూడా రాయాలి. రాష్ట్రంలోని మిగతా కాలేజీలకైతే పీజీఈసెట్ కూడా ఉంది. సీటొచ్చాక ఫీజు కట్టే ముందు కాలేజీకి వెళ్లి, ఎక్స్‌ట్రూడర్, పార్టికల్ సైజ్ ఎనలైజర్ ఉన్నాయా, విద్యార్థుల చేతికి ఇస్తారా, అద్దాల బీరువాలోనే ఉంటాయా అని సీనియర్లను అడగమనండి.