బీపీ చూసేటప్పుడు మొదటి శబ్దం దొరకకపోతే
చెల్లెమ్మా, కావలిలో ఏఎన్ఎం శిక్షణలో చేరిన మీకు బీపీ చూసేటప్పుడు మొదటి శబ్దం అందక, ప్రతిసారీ అంకె మారిపోతోందని రాశారు. స్టెతస్కోపు చెవికొనలు ముక్కు వైపు తిరిగి ఉన్నాయేమో ముందు చూసుకోండి. రోగి చేతిని గుండె ఎత్తున ఆనించి, మోచేతి మడతకు 2 నుంచి 3 సెంటీమీటర్ల పైన పట్టీ చుట్టండి. మన వైపు పెద్దామెలకు జాకెట్టు చేతి మీదే చుట్టేస్తుంటారు, అది తప్పు. మణికట్టు నాడి మీద వేళ్లుంచి గాలి కొడుతూ, నాడి అందకుండా పోయిన అంకెకు మరో 30 కలిపి అంతవరకూ ఎక్కించి, మోచేతి మడతలో కొట్టుకునే నాడిపై స్టెతస్కోపు ఆనించి, సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున దించండి. తొలిసారి టక్కుమన్నది పై అంకె, శబ్దం పూర్తిగా ఆగినది కింది అంకె. మీరు గాలి ఒక్కసారిగా వదిలేస్తున్నారని నా అనుమానం. మళ్లీ చూసేముందు గాలంతా తీసేసి కనీసం ఒక నిమిషం ఆగండి.