మంచి ఆటగాడు మంచి కోచ్ కాగలడా?

బాస్కెట్‌బాల్ బాగా ఆడినవాళ్లు బాగా నేర్పగలరా, తొలితరం వృత్తి ఆటగాళ్లలో అలాంటివారు ఎవరైనా ఉన్నారా అని నన్ను ఒకరు అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు జో లాప్చిక్. 1900లో న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో, చెక్ వలస కుటుంబంలో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు. 1920లలో ఒరిజినల్ సెల్టిక్స్ అనే వృత్తి జట్టుకు సెంటర్‌గా, అంటే రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడిగా, ఆడాడు. ఇప్పటి బోస్టన్ సెల్టిక్స్ జట్టుకూ ఆ జట్టుకూ సంబంధం లేదు.

ఆ ఎత్తు విలువ తెలియాలంటే అప్పటి నియమం తెలియాలి. బంతి బుట్టలో పడిన ప్రతిసారీ మళ్లీ కోర్టు మధ్యలో జంప్ బాల్ వేసేవారు, అంటే ఇద్దరు ప్రత్యర్థుల మధ్య బంతిని పైకి ఎగరేసేవారు. పాయింట్లు సాధించిన జట్టు సెంటర్ దాన్ని తన వాళ్ల వైపు తట్టగలిగితే, ఆ జట్టుకే మళ్లీ బంతి దక్కేది. లాప్చిక్ పేరు తెచ్చుకున్నది అక్కడే. 1936లో సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయానికి కోచ్ అయ్యాడు. మరుసటి ఏడాదే ఆ నియమం ఎత్తేశారు. తనకు బాగా తెలిసిన విద్య ఇక తన దగ్గర నేర్చుకునే ఆటగాళ్లకు పనికిరాదు.

ఈ మాట నన్ను గట్టిగా తాకింది. 1980ల మొదట్లో నేను కాలేజీ జట్టుకు సెంటర్‌గా ఆడాను. దూరం నుంచి వేసిన బుట్టకు మూడు పాయింట్లిచ్చే గీత అంతర్జాతీయ నిబంధనల్లోకి 1984లో, నేను ఆడిన తరువాతే, వచ్చింది. తరువాత బడిపిల్లలకు నేర్పడం మొదలుపెట్టినప్పుడు, అందరినీ రింగు కిందికే తోసేవాణ్ని. నాకు తెలిసిన ఆట అదే. ఒక రోజు ఒక అమ్మాయి, "బోర్డుకు వీపు పెట్టి తిరిగేటప్పుడు ఏ కాలు కదలకూడదు సార్?" అని అడిగింది. చప్పున చెప్పలేకపోయాను. పదేళ్లు చేసిన పని అది! మర్నాడు తెల్లవారుజామున ఒక్కణ్ణే కోర్టుకు వెళ్లి, నెమ్మదిగా తిరుగుతూ నా కాళ్లను నేనే గమనించాను. నిజంగా కోచ్‌నయింది ఆ ఉదయమే అనుకుంటాను.

లాప్చిక్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మనుషులతో ఆయన నడిచిన తీరు. నల్లజాతి ఆటగాళ్ల జట్టు న్యూయార్క్ రెన్స్‌తో ఆడేటప్పుడు, ఆట మొదలుకాకముందే ప్రత్యర్థి సెంటర్ టార్జాన్ కూపర్‌ను అందరి ముందూ కౌగిలించుకునేవాడు. వర్ణవివక్ష ఎంత బలంగా ఉన్న కాలమో గుర్తుంచుకోండి. లాప్చిక్ న్యూయార్క్ నిక్స్ అనే వృత్తి జట్టుకు కోచ్‌గా ఉండగానే, 1950లో, ఆ జట్టులోకి నాట్ క్లిఫ్టన్ వచ్చాడు. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాళ్లలో క్లిఫ్టన్ ఒకడు. 1951 నుంచి 1953 వరకు నిక్స్ వరుసగా మూడుసార్లు ఫైనల్‌కు చేరి మూడుసార్లూ ఓడింది.

1951లో అమెరికాలో కాలేజీ ఆటగాళ్ల మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడింది. లాప్చిక్ ఆ వార్తల కత్తిరింపులన్నీ ఒక పుస్తకంలో అంటించి, 1956లో సెయింట్ జాన్స్‌కు తిరిగి వచ్చాక తన ఆటగాళ్లకు చూపేవాడు. ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేస్తుందని నా అనుభవం. గాయాల మీద వచ్చిన వార్తలతో నేనూ అలాంటిదొకటి తయారుచేశాను.

65 ఏళ్లకు తప్పనిసరిగా పదవి వదలాలన్నది అప్పటి విశ్వవిద్యాలయ నియమం. 1965 మార్చిలో, తన చివరి మ్యాచ్‌లో, విలనోవా విశ్వవిద్యాలయాన్ని 55-51తో ఓడించి, కాలేజీ జట్ల టోర్నమెంట్ ఎన్‌ఐటీ టైటిల్ గెలిచి వెళ్లాడు. తనను ఆటగాడిగా నిలబెట్టిన ఆ జంప్ బాల్ నియమం పోయి అప్పటికి 28 ఏళ్లు.