తాకట్టు అనుకున్నది అమ్మకమైతే?

ప్రశ్న: పలాస దగ్గర మాకు ఎకరంన్నర జీడితోట ఉంది. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు పడిపోయాక, చేతిలో డబ్బు లేక మా మావయ్యగారు ఆ తోటని చినమావయ్యగారి దగ్గర 3 లక్షలకు తాకట్టు పెట్టారు. వడ్డీ లేదు, పంట ఆయనే తీసుకుంటారు. నా బంగారం బ్యాంకులో 1,60,000కి తాకట్టులో ఉంది. ఇప్పుడు జీడిపిక్కలు ఒలిచే చిన్న యూనిట్ పెడదామంటే, మెషీన్లే తాకట్టుగా ఉంచుకుని లోన్ ఇస్తామంటోంది బ్యాంకు. పాలసీ డబ్బు 4 లక్షలు వచ్చింది. వడ్డీ పడేది బంగారానికే కదా, ముందు అది విడిపించమంటారా?

జవాబు: అమ్మా, ఉత్త వడ్డీ లెక్కే అయితే మీరన్నదే సరి. కానీ మీరు పంపిన కాగితాల ఫొటోలు చూశాక ఆ మాట చెప్పలేను. ముందు తోట.

మీరు తాకట్టు అంటున్న దస్తావేజు మొదటి పేజీలో ‘శుద్ధక్రయ దస్తావేజు’ అని ఉంది, అంటే పూర్తిగా అమ్మేసిన కాగితం. లోపల ఎక్కడా తాకట్టు, తనఖా అన్న మాటే లేదు. డబ్బు ముట్టగానే తోట తిరిగి రాసిస్తానన్న మాట విడిగా ఒక తెల్లకాగితం మీద ఉంది. దాని కింద చినమావయ్యగారి సంతకం, వచ్చే మే నెలాఖరు గడువు.

తిరిగి ఇచ్చే షరతు పెట్టి భూమి అమ్మినా, దాన్ని ఒక రకం తనఖాగా చట్టం ఒప్పుకుంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లోనే అది ఉంది. అయితే 1929లో దానికో నిబంధన చేర్చారు. ఆ షరతు అమ్మకం రాసిన దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితంలో ఉంటే తనఖా కింద లెక్కకు రాదు. అంటే చట్టం దృష్టిలో మీ మావయ్యగారు తోట అమ్మేశారు, తెల్లకాగితం తిరిగి కొనుక్కునే ఒప్పందం మాత్రమే. అలాంటి ఒప్పందాల్లో గడువు దాటితే కోర్టులు సాధారణంగా కనికరించవు. నాకు భయమంతా ఆ మే నెల గురించే.

ఇదే లావాదేవీని స్వాధీన తనఖాగా రిజిస్టర్ చేయించి ఉంటే ఎంత తేడా ఉండేదో చూడండి. అప్పుడూ పంట ఆయనే తినేవారు. కానీ తోట మీదిగానే ఉండేది. వడ్డీకి బదులు పంట తినే ఇలాంటి తనఖాలో, బాకీ తీరేదాకా విడిపించుకునే హక్కుకి 30 ఏళ్ల కాలపరిమితి మొదలే కాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. రాజాం వైపు మా మేనత్త పొలం ఇలాగే శుద్ధక్రయంలో పోయింది. చివరిదాకా ఆవిడ దాన్ని ‘తాకట్టులో ఉన్న మా పొలం’ అనే అనేది.

ఇక బంగారం. అది వస్తువు చేతికిచ్చి పెట్టిన తాకట్టు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం తగిన నోటీసు ఇవ్వకుండా అమ్మకూడదు. గడువు దాటినా, వేలం నిజంగా జరిగేలోపు బాకీ, దానిమీద ఖర్చులు కట్టి విడిపించుకోవచ్చు. వేలంలో ఎక్కువ వస్తే మిగిలింది మీకే ఇవ్వాలి. అందుకని ఇప్పటికి వడ్డీ కట్టి, లోన్ రెన్యూవల్ అవుతుందేమో బ్యాంకులో అడగండి. వేసుకోవడానికి నగలు లేవని బాధగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ వాటిని ఇంకో ఏడాది ఆపినా పోవు, వడ్డీ మాత్రం తప్పక కట్టండి.

మెషీన్ల లోన్ మళ్లీ వేరు. బైక్ ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని బ్యాంకు పేరు పడుతుంది చూడండి, అదే ఇది. మెషీన్లు మీ షెడ్డులోనే ఉంటాయి, మీరే నడుపుకుంటారు, బ్యాంకుకి చెప్పకుండా అమ్మకూడదు. సరుకు మీద కూడా లోన్ తీసుకుంటే ఎన్ని బస్తాల పిక్కలున్నాయో ఎప్పటికప్పుడు స్టాక్ లెక్క ఇవ్వాలి. అదనపు హామీగా తోట చూపించమంటే ప్రస్తుతం చూపించలేరు, అది మీ పేరున లేదు.

కాబట్టి 4 లక్షల్లో 3 లక్షలు తోటకే. తోట తిరిగి రాయించుకోవడం అంటే మరో అమ్మకమే, మళ్లీ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు పడతాయి. తోట ఇప్పటి ప్రభుత్వ విలువ, కాగితంలో రాసుకున్న ధర, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద అవి లెక్కేస్తారు. ఎంతవుతుందో ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని మిగిలిన లక్షలోంచి పక్కన పెట్టండి. ఆ తరవాత మిగిలితే బంగారం వడ్డీకి.

చినమావయ్యగారు మంచివారని రాశారు. సంతోషం, ఆయన ఉండగానే పని పూర్తి చేసుకోండి. రేపు ఆయన పిల్లల చేతిలో ఉండేది శుద్ధక్రయం కాగితమే. డబ్బు నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే పంపండి, అదీ రిజిస్ట్రేషన్ రోజునే. ఈలోగా రెండు కాగితాలూ ఒక సివిల్ లాయరుకి చూపించి, గడువులోగా డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నామని రాతపూర్వకంగా చినమావయ్యగారికి ఇప్పించండి. బంధువుకి నోటీసేమిటని మీ మావయ్యగారు మొహమాటపడతారు. నచ్చజెప్పే పని మీరు తీసుకోండి.

ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) తోట మళ్లీ మీ మావయ్యగారి పేరుకి మారినట్టు చూశాకే మెషీన్ల కొటేషన్ తీసుకోండి.