బెంగళూరులో పని బండిగా ఇప్పుడు డీజిల్ వ్యాన్ తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో ఇంటీరియర్ పనులు పట్టుకుంటున్నారు. ప్లైవుడ్డూ మిషన్లూ మోయడానికి ఇన్నాళ్లూ బాడుగ టెంపోలతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు మూసిన బాడీ ఉన్న సొంత బండి కావాలి. ఊరి వైపు, అనంతపురం వైపు కూడా పనులు వస్తున్నాయి. డీజిల్ తీసుకుందామంటే ‘కొత్త డీజిల్ బండికి ఫిల్టర్ జామ్ అవుతుంది, పదేళ్లకు బండి తుక్కే’ అని అందరూ భయపెడుతున్నారు.

మీరు రాసినంత తిరుగుడు నిజంగా ఉంటే డీజిలే తీసుకోండి. వద్దన్నవాళ్లలో చాలామంది కారు లెక్కతో మాట్లాడుతున్నారు. పని బండి లెక్క వేరు.

నాకు పీణ్యలో గ్రిల్లులు, గేట్లు, రెయిలింగులు చేసే షెడ్డు ఉంది. మాది పలమనేరు వైపు. నేను తోలేది ఒకటిన్నర లీటరు డీజిల్ పికప్, వెనక షీటు బాడీ కట్టించాను. వెల్డింగ్ మిషన్, కటింగ్ మిషన్, డ్రిల్లులు ఎప్పుడూ అందులోనే ఉంటాయి, వాటి మీద సైటుకు వెళ్లే సరుకు. అంటే ఈ బండి ఖాళీగా తిరిగేది చాలా తక్కువ. చిత్తూరు, తిరుపతి పనులు కూడా దాని మీదే చేస్తాం.

ఖాళీ బండిలో పెట్రోలుకూ డీజిలుకూ తేడా అంతగా తెలియదు. టన్ను బరువు ఎక్కించుకుని చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వైపు ఎక్కండి, అప్పుడు తెలుస్తుంది. చిత్తూరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. కిందికి సరుకు దించి ఖాళీగా వచ్చేస్తే సరే, కానీ మన పనుల్లో అలా జరగదు. మిగిలిన మెటీరియల్, మిషన్లు, పాత ఇనుము, ఏదో ఒకటి వెనక్కి వస్తూనే ఉంటుంది. ఆ ఎక్కుడులో నా బండి మూడో గేరులో, యాక్సిలరేటర్ సగం కూడా తొక్కకుండా, ఒకే శబ్దంతో ఎక్కేస్తుంది. ఇంజన్ అరవదు. వేడి ముల్లు పైకి పోతుందేమోనన్న టెన్షన్ ఉండదు.

దీనికి కారణం టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. మారుతీ ఈకో కార్గోలోని 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్ 104 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అదీ 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. టాటా ఇంట్రా వీ30 డీజిల్ 140 ఇస్తుంది. వీ50 అయితే 220, అదీ 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. టాటా వింగర్ కార్గో వ్యాన్‌లోని 2.2 లీటర్ డీజిల్‌ది 200. మనం రోజూ తోలేది 1,500 నుంచి 2,500 లోపే కాబట్టి బలం అక్కడ ఉండాలి. గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కే చోట లోడుతో ఆగి మళ్లీ కదలాలంటే బలం చాలని బండిని హాఫ్ క్లచ్ మీద లాగాల్సి వస్తుంది. క్లచ్ ప్లేట్లు అరిగేది అక్కడే.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ అదుముడు ఎక్కువ కాబట్టి అదే ఇంధనం నుంచి ఎక్కువ పని వస్తుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది శాతానికి పైగా శక్తి ఎక్కువ. మైలేజీ రహస్యమంతా ఈ రెండింటిలో ఉంది.

ఇక డబ్బుల లెక్క. ఒకప్పుడు డీజిల్ చవక అని కొనేవాళ్లు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ రోజులు పోయాయి. బెంగళూరులో డీజిల్ 91, పెట్రోలు 103 వేసుకుందాం, తేడా పన్నెండు రూపాయలే. లోడు మీద నా బండి ఊళ్లోనూ హైవేలోనూ కలిపి లీటరుకు 13 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. అదే బరువుతో పెట్రోలు బండి 9 ఇస్తుందనుకోండి. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కు సుమారు 21 వేలు, పెట్రోలుకు 34 వేలు. నెలకు 13 వేలు మిగిలితే ఈఎంఐలో మంచి భాగం తీరిపోతుంది. కానీ నెలకు 800 కిలోమీటర్లే తిరిగితే ఆ తేడా మూడున్నర వేలకు పడిపోతుంది. అప్పుడు డీజిల్ బండికి ముందే ఎక్కువ పెట్టిన ధర, సర్వీసు ఖర్చు దాన్ని తినేస్తాయి. కాబట్టి కొనేముందు గత ఆరు నెలల్లో టెంపోలకు ఇచ్చిన బాడుగలు తీసి, కిలోమీటర్లు కూడండి. నోటి లెక్క వద్దు, ఫోన్‌పేలో అన్నీ ఉంటాయి.

మిమ్మల్ని భయపెట్టిన ఫిల్టర్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఇందులో నిజం ఉంది, కానీ సగమే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్6, అంటే పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన కొత్త ప్రమాణానివి. డీజిల్‌లో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది. పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత వచ్చింది. మసి అందులో పట్టుబడుతుంది. అందుకే ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పొద్దున్నే బండి స్టార్ట్ చేసినా నల్లపొగ రాదు, సెక్యూరిటీవాళ్లు పరుగెత్తుకురారు. పట్టుబడిన మసిని బండే అప్పుడప్పుడూ కాల్చుకోవాలి. దానికి పొగగొట్టం లోపల 550, 600 డిగ్రీల వేడి కావాలి. షెడ్డు నుంచి రెండు కిలోమీటర్ల అవతలి సైటుకు పోయి, ఆపి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆపితే ఆ వేడి ఎప్పటికీ రాదు. మసి పేరుకుంటుంది, మీటరులో లైటు వెలుగుతుంది. అయినా పట్టించుకోకపోతే ఇంజన్ పవర్ తగ్గించేసుకుంటుంది, ఆ తర్వాత మెకానిక్ షెడ్డుకు తోలుకుపోవడమే.

లైటు వెలిగిన రోజు నేను చేసేది చెప్తాను. తుమకూరు రోడ్డు ఎక్కి నెలమంగల దాటేదాకా నాలుగో గేరులో, ఆర్‌పీఎం 2,000 తగ్గకుండా ఇరవై నిమిషాలు ఆగకుండా తోలతాను. లైటు ఆరిపోతుంది. వారం వారం చిత్తూరు వైపు వెళ్లే నెలల్లో అసలు ఆ లైటే వెలగదు. మీకు హిందూపురం, అనంతపురం పనులున్నాయి కాబట్టి మీ బండికి ఆ వేడి దానంతట అదే దొరుకుతుంది. ఊళ్లోనే తిరిగే బండికి వచ్చే జబ్బు మీ బండికి రావడం కష్టం.

మసి కాలుతున్నప్పుడు ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కొంచెం పెరుగుతుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అప్పుడు తాళం తిప్పి ఆపేయకండి, కాలనివ్వండి. ఎండుగడ్డి మీద, రంపపు పొట్టు ఉన్న చోట ఆ వేడి సైలెన్సర్‌తో బండి నిలపకండి. మీది చెక్క పని కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఇంకో సంగతి మెకానిక్కులు కూడా అందరూ చెప్పరు. మసి కాల్చడానికి ఇంజన్ కొంచెం డీజిల్‌ను అదనంగా చల్లుతుంది. మధ్యలో ఆపేస్తూ ఉంటే ఆ డీజిల్ కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. పెరిగిందని సంతోషించకూడదు, ఆయిల్ పలచబడిందని అర్థం. వెంటనే మార్పించాలి. నేను వారానికోసారి చల్లారిన ఇంజన్ మీద, సమంగా ఉన్న నేల మీద డిప్‌స్టిక్ చూస్తాను. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన గ్రేడే పోయించండి. బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ అది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే ఉండిపోతుంది. రెండు వందలు ఆదా అవుతుందని పాత లారీ ఆయిల్ పోయించుకుంటే ఆ వడపోత వయసు తగ్గిపోతుంది.

‘అది తీసేసి ఖాళీ పైపు వేస్తాం, ఇక తలనొప్పే ఉండదు’ అనేవాళ్లు బెంగళూరులో ప్రతి మెకానిక్కుల వీధిలోనూ దొరుకుతారు. ఒప్పుకోకండి. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది, ఎఫ్‌సికి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు ఇరుక్కుంటారు. పైగా ఆ పొగ పీల్చేది మన పనివాళ్లే.

కొన్ని మోడళ్లకు పొగను శుభ్రం చేసే డెఫ్ అనే ద్రావణం కూడా కావాలి, అడిగి తెలుసుకోండి. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. పొలానికి చల్లే యూరియా నీళ్లలో కలిపి పోస్తే అందులోని మలినాలతో లోపలి పరికరాలు పాడవుతాయి. డీజిల్ కూడా రద్దీగా ఉండే బంకులోనే కొట్టించండి. ఇంజన్‌లోకి డీజిల్ చల్లే కామన్ రైల్ ఇంజెక్టర్లు 1,000 బార్‌కు పైన ఒత్తిడితో పనిచేస్తాయి, చుక్క నీరు పోయినా తట్టుకోవు. ఫ్యూయల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మర ఎక్కడుందో డెలివరీ రోజే చూపించుకోండి.

పదేళ్ల భయం మాత్రం మనకు వర్తించదు. పదేళ్ల డీజిల్ మీద ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. ఇక్కడ ఎల్లో బోర్డు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సి చేయించుకుంటూ పోవాలి.

మీకు నిజంగా ముఖ్యమైంది బాడీ సైజు. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. టాటా ఏస్ గోల్డ్ బాడీ పొడవు 2.2 మీటర్లే, అంటే ఏడడుగుల పైన కొంచెం. షీటు పడుకోదు, బయటికి వస్తుంది లేదా ఏటవాలుగా నిలబెట్టాలి, మూలలు విరుగుతాయి. ఇంట్రా వీ30 బాడీ సుమారు 2.7 మీటర్లు, షీటు హాయిగా పడుకుంటుంది. మూసిన బాడీ కట్టించాక లోపల రెండు మూడు అంగుళాలు తగ్గుతాయని గుర్తుంచుకోండి. 18 ఎంఎం షీటు ఒక్కోటి ముప్పై కిలోల పైనే తూగుతుంది. ముప్పై షీట్లంటే దాదాపు టన్ను. దానికి బాడీ బరువు, మిషన్ల బరువు కలపండి. వీ30 మోసేది 1,300 కిలోలు, వీ50 1,500. ఈ లెక్కతో చూస్తే ఏ తరగతి బండి కావాలో మీకే తెలిసిపోతుంది. కమాను పట్టీలు అదనంగా వేయించి ఎక్కువ మోద్దామనే ఆలోచన పెట్టుకోకండి. బ్రేకులు, టైర్లు అంతే ఉంటాయి కదా.

వింగర్ కార్గో కూడా బాగుంటుంది. నేల ఎత్తు తక్కువ, ఎక్కించి దించే పని సులువు. అయితే అది ముందు చక్రాల మీద నడిచే బండి. వెనక బరువంతా పెట్టి, కొత్త లేఅవుట్లలో బురద మట్టిరోడ్డు ఎక్కాలంటే ముందు చక్రాలు జారే అవకాశం ఉంది. బరువును క్యాబిన్ వైపు సర్దుకోవాలి. ఎత్తు సంగతి ఏ బండికైనా చూసుకోండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గేటు మీద రాసిన ఎత్తును మన బాడీ దాటితే సరుకంతా రోడ్డు మీద దించి ట్రాలీ మీద లోపలికి తోయాల్సి వస్తుంది.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మీకు అది పెద్ద వెసులుబాటు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీరు జీఎస్టీలో ఉంటే ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా తీసుకోవచ్చు, ఆడిటర్‌ను అడగండి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) మరవకండి.

ఇవన్నీ చెప్పి ఒక మాట దాచడం ధర్మం కాదు. మీ పనులు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి లోపలే ఉండి, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ తిరిగేదైతే డీజిల్ వద్దు. సరుకు ఆరేడు వందల కిలోల లోపైతే ఏస్ ఈవీ లాంటి కరెంటు బండి, లేదా సీఎన్‌జీ బండి చూడండి. డీజిల్ కాళ్లు సాచుకునేది బరువు మీద, దూరం మీద.

షోరూముకు వెళ్లినప్పుడు ఖాళీ బండిలో సర్వీసు రోడ్డు చుట్టూ తిప్పి ఇస్తే ఒప్పుకోకండి. ‘సిమెంటు బస్తాలు ఎక్కించి లోడుతో ఇవ్వండి’ అని అడగండి, డెమో బండి ఉన్నచోట ఇస్తారు. ఫ్లైఓవర్ ఎక్కే మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో కదిలించి చూడండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండానే కదిలితే ఆ బండి మీ పనికి పనికొస్తుంది. నెలకు ఎన్ని కిలోమీటర్లు తేలాయో, ఒక్కసారి ఎంత బరువు వేస్తారో ఇక్కడే రాయండి, ఏ తరగతి బండి సరిపోతుందో లెక్క కట్టి చెప్తాను.