ఏడిపించే పుస్తకాన్ని లాక్కోవాలా?

మిర్యాలగూడ నుంచి రాసిన అమ్మకు,

మీ వారు మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి ఎనిమిది నెలల కింద పోయారు. ఇంటర్ ఫస్టియర్ చదివే అమ్మాయి రాత్రిళ్లు ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ నవలనే మళ్లీ మళ్లీ చదివి ఏడుస్తోంది. మీ అన్న “దెయ్యాల పుస్తకం, గుంజుకో” అంటున్నారు. ఏం చేయాలని అడిగారు.

గుంజుకోవద్దు. ఏడుపు ఆగదు, మీకు కనపడకుండా ఏడుస్తుంది.

2011లో ప్యాట్రిక్ నెస్ రాసిన ఆ నవల దెయ్యాల కథ కాదు. పదమూడేళ్ల కానర్ తల్లికి క్యాన్సర్. వాడు ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటుంది: ఈ బాధ ఇక భరించలేను, ఎట్లనో అట్ల అయిపోతే బాగుండు అని. ఆ మాట బయటికి రావడమే కథంతా. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు మిషన్ మీద ఉండే తండ్రిని, కొలిచి పోసే నీళ్లను, ఉప్పు తగ్గించిన కూరలను చూసిన పిల్లకు ఆ మాట ఎన్నడో ఒకనాడు మనసులోకి వచ్చే ఉంటుంది. నా అనుమానం అదే.

ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీసేటప్పుడు ఆ కథ తెలుగులో చెప్పమనండి. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన కూర్చోండి. “నువ్వెందుకు ఏడుస్తున్నవ్” అని అడిగితే నోరు మూసుకుంటుంది. “ఆ పిల్లగాడు ఆ మాట అమ్మకెందుకు చెప్పలే?” అని అడిగి ఊరుకోండి. తనకూ అట్లనే అనిపించిందంటే “ఛీ, అట్ల అనొద్దు” అనకండి, ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. బాధ తీరాలనుకోవడం నాయన పోవాలనుకోవడం కాదని చెప్పండి. మీకూ అనిపించి ఉంటే అదీ చెప్పండి. డయాలసిస్ కిడ్నీ పని కొంత చేస్తుందే తప్ప పాడైన కిడ్నీని బాగుచేయదనీ, ఎవరి మనసులో మాటతోనూ ఆయన పోలేదనీ విడమర్చి చెప్పాలి. చదువుకున్న పిల్లయినా ఈ మాట మీ నోటి నుంచే వినాలి.

పడుకునే గంట ముందు మాత్రం చదవడం ఆపించండి, నిద్ర చెడితే దుఃఖం రెట్టింపవుతుంది. తర్వాత చదివేవి మీరూ కాస్త కనిపెట్టండి. డయాలసిస్ మీదున్న హీరో కొబ్బరినీళ్లు గటగటా తాగుతుంటే రాసినవాళ్లకు ఆ జబ్బు తెలియదన్నట్టే, వాటిలోని పొటాషియం అలాంటివాళ్ల గుండెకే ముప్పు. మందుల ఖర్చు, విసుగు, కోపం, మనిషి పోయాక మిగిలినవాళ్ల రోజులు ఉన్న పుస్తకం మంచిది. ఆత్మహత్యను అందంగా చూపే కథలు ఇప్పుడు వద్దు.

ఇట్ల మాట్లాడాక రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, కాలేజీ కుదుటపడకపోతే నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. “నేనూ నాయన దగ్గరికి పోత” అన్నదంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుమందు తాళం పెట్టండి. అదే రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

సంవత్సరీకం దగ్గరపడేకొద్దీ ఏడుపు మళ్లీ పెరగొచ్చు. ఆ రోజు ఏ పని తాను చేయాలనుకుంటోందో ఇప్పుడే అడగండి, మీ అన్నకు కూడా ముందే చెప్పి ఉంచండి.